పడవ మీద హాజరు

ఫోన్లో బొటనవేలు బొమ్మ కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా చెల్లెలి కూతురు ఈ మధ్యే టీచరుగా చేరింది. బళ్ళో ఎట్లా మసులుకోవాలో చెబుతూ దానికి ఉత్తరమంత మెసేజి పెడితే, జవాబుగా ఒక వేలు బొమ్మ వచ్చింది. ఫోన్ చేసి కేకలేశాను. "చదివావా లేదా నోటితో చెప్పవే, ఈ వేలెందుకు?" అన్నాను. "వేలు పెట్టానంటే చదివినట్టే కదా పెద్దమ్మా" అంది. "కాదే తల్లీ, కానే కాదు" అన్నాను. ఎందుకు కాదో ఫోన్లో చెబితే తెమిలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కూర్చోవడం కూడా నాకు సరిగ్గా చేతకాదు, రెండు వాక్యాలు రాసి ఒకసారి వసారాలోకి పోయి వస్తున్నాను.

నా రిటైర్మెంటు సభలో నేను చేసిన మంచి పనుల గురించి చాలామంది చెప్పారు. వాటిలో సగం నాకే తెలియవు. నేను చేసిన తప్పు గురించి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. శాలువా కప్పేటప్పుడు తప్పులు చెప్పరు కదా. అది నేనే చెప్పుకోవాలి. కొత్తగా బళ్ళలోనో ఆఫీసుల్లోనో చేరిన పిల్లలు చదివితే ఇంకా మంచిది.

కరోనా వచ్చి బళ్ళు మూసేసినప్పుడు నేను నెల్లూరు జిల్లాలో పులికాట్ సరస్సు వైపు ఒక మండలానికి విద్యాధికారిని. సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. అప్పటిదాకా నా రోజంతా బళ్ళ మీదే గడిచేది. పొద్దున ఒక ఊళ్ళో ప్రార్థన, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో భోజనాలు, సాయంత్రం ఎవరో ఒక టీచరుతో పోట్లాట. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. ఆఫీసుకు పోతే ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరిగేదాన్ని. అటెండరు టీ తెచ్చిపెడితే అది చల్లారిపోయేది, మళ్ళీ వేడి చేయించేదాన్ని, అది కూడా చల్లారిపోయేది.

ఇంతలో పాఠాలు ఫోన్లో చెప్పాలన్నారు, టీవీలో వస్తాయన్నారు. మా టీచర్ల అవస్థ చూడాలి అప్పుడు. ఒకాయన పాఠం చెబుతుంటే వెనక కుక్కరు మూడు కూతలు కూసింది, పాఠం మధ్యలో ఆపి స్టవ్ కట్టేసి వచ్చి "అందువల్ల పిల్లలూ" అని మొదలుపెట్టాడు. ఒకామె వంటింటి గోడ మీద సుద్దముక్కతో లెక్కలు చేసింది, వాళ్ళత్తగారు వచ్చి తుడిచేసింది. నవ్వుకున్నాం గాని, ఎవరికి వాళ్ళం కిందామీదా పడ్డాం. దానికితోడు రోజూ సాయంత్రానికల్లా లెక్క పంపాలి. ఎన్ని ఇళ్ళలో టీవీ ఉంది, ఎన్ని ఇళ్ళలో ఫోన్ ఉంది, ఈ రోజు పాఠం ఎంతమంది చూశారు. చూశారో లేదో తెలిసేదెట్లా? పాఠం చూసిన పిల్లలు గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టాలి, అదే హాజరు. ఈ ఉపాయం పైనుంచి వచ్చింది కాదు. నాదే. అప్పట్లో చాలా తెలివైన పనిలా తోచింది.

సరస్సు ఒడ్డున ఒక కుప్పం ఉంది. కుప్పమంటే వేటకు పోయేవాళ్ళ పల్లె. అక్కడ ఎనిమిదో తరగతి దాకా చిన్న బడి, ముప్పై ఒక్కమంది పిల్లలు. ఆ పిల్లల్లో ఒకమ్మాయిని మాత్రం నేను ఎప్పుడూ మరిచిపోలేదు. అంతకుముందు ఏడాది తనిఖీకి పోయి, హుషారు కొద్దీ బోర్డు మీద వాళ్ళ సరస్సు బొమ్మ గీశాను. సముద్రం నీళ్ళు సరస్సులోకొచ్చే ముఖద్వారం ఒకచోట పెట్టాను. ఏడో తరగతి పిల్ల లేచి, "ముఖద్వారం ఆడ లేదు మేడం" అంది. "అయితే నువ్వే వచ్చి చూపించు" అన్నాను, కొంచెం కోపంగానే. ఆ పిల్ల వచ్చి నా బొమ్మని అరచేత్తో తుడిచి, తనే గీసి, "ఇప్పుడొస్తాయి నీళ్ళు" అని పోయి కూర్చుంది. రిపోర్టులో ఆ సంగతి రాయలేదు గాని, ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది.

అక్కడి హెడ్మాస్టరు గారిది పక్క టౌన్లో బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. అన్నదమ్ముల్లో ఈయనొక్కడే బడిదారి పట్టాడు. మెత్తటి మనిషి. కోపమొస్తే గొంతు ఇంకా తగ్గిస్తాడు, మనమే ముందుకు వంగి వినాలి. టౌన్లో దారులు మూసేయడంతో కుప్పానికి పోలేక, ఇంట్లోంచే ఫోన్లో పాఠాలు పెడుతున్నాడు. "ఫోన్ ఉందా?" అని ఇల్లిల్లూ అడిగాడు. అందరూ ఉందన్నారు. నిజమే చెప్పారు. ఆయన రాశాడు, నేను సంతకం పెట్టాను.

అయితే పాఠాలు మొదలయ్యాక మొదటి వారం ఆ కుప్పం నుంచి ముప్పై ఒకటికి మూడే వేళ్ళు వచ్చాయి. మండలం మొత్తంలో అదే అడుగు. ఆ రోజు నాకు పైనుంచి ఫోన్లో చీవాట్లు పడ్డాయి. అసలే ఊపిరాడని రోజులు, నా కోపం ఎటుపోవాలో తెలియక ఆ కుప్పం గ్రూపు మీదికి పోయింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట రికార్డు చేసి పంపాను. "ఏమయ్యా, ఫోన్లున్నాయి, బొమ్మలు చూసుకుంటారు, పాఠం మాత్రం చూపించరా పిల్లలకు? రేపటినుంచి ఏ ఇంటినుంచి వేలు రాదో ఆ ఇంటికి బియ్యం, గుడ్లు ఆపేస్తా. మళ్ళీ చెప్పలేదనొద్దు!"

అప్పుడు బళ్ళో పెట్టే భోజనం బదులు బియ్యం, గుడ్లు ఇంటింటికీ ఇస్తుండేవాళ్ళం. వాటిని ఆపే అధికారం నాకు లేదు. ఆపే ఉద్దేశమూ లేదు. ఉత్త బెదిరింపు. నోరు మంచిదైతే ఊరు మంచిదని పిల్లలకు చెప్పే మనిషినే నేను.

మర్నాడు ముప్పై ఒక్క వేళ్ళు వచ్చాయి. ఆ మర్నాడూ అంతే. ఆదివారం పాఠం లేకపోయినా ముప్పై ఒకటి వచ్చాయి. నా నోటికి అంత మహిమ ఉందా అని నాకు నేనే మురిసిపోయాను.

పది రోజులకు హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. "మేడం, నాకెందుకో అనుమానంగా ఉంది. నేను అరగంట పాఠం పెట్టిన నిమిషానికే వేళ్ళన్నీ వచ్చేస్తా ఉండాయి. ఒక్కరూ ఒక ప్రశ్న అడగరు. పిలకాయలు కదా, ఒక్కడన్నా తిక్క ప్రశ్న అడగాలి గదా?"

"సార్, మీకు మంచి కనబడదా? పిల్లలు దారిలో పడ్డారంటే సంతోషించాలి గాని, గుచ్చి గుచ్చి చూస్తారేంది?" అన్నాను.

"సరే మేడం" అన్నాడు, చాలా మెల్లగా. ఆ గొంతు తగ్గిందని నేను గమనించాను కూడా. గమనించి ఫోన్ పెట్టేశాను.

ఇంకో నెలన్నర గడిచింది. ఏ రోజు లెక్క చూసినా కుప్పం బడి నూటికి నూరు. ఆ నూరు ఎక్కడెక్కడికి పోయిందో గాని, ఒకరోజు వీడియో సమావేశంలో జిల్లా అధికారి గారు అడగనే అడిగారు. మండల విద్యాధికారులందరం కంప్యూటరు తెర మీద చిన్న చిన్న గడుల్లో ఉన్నాం. "సరస్సు ఒడ్డున అంత మారుమూల పల్లెలో నూటికి నూరు ఎట్లా తెచ్చారమ్మా? అందరికీ చూపిద్దాం. ఇప్పుడే ఒక పిల్లకు వీడియో కాల్ కలపండి" అన్నారు.

నాకు గుండె పొంగిపోయింది. వేరే ఆలోచన లేకుండా ఆ బొమ్మ దిద్దిన పిల్ల నంబరు నొక్కాను. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చింది. నా ఫోన్ కంప్యూటరు కెమెరాకు ఎదురుగా పట్టుకున్నాను, అందరికీ కనబడాలని.

మొదట ఆకాశం కనబడింది. తర్వాత నీళ్ళు. బొమ్మ ఊగుతోంది. ఆ తర్వాత తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి ముఖం, పళ్ళ మధ్య వల తాడు పట్టుకుని ఉన్నాడు. తాడు తీసి, "నమస్తే మేడం. హాజరే మేడం! పొద్దన్నే ఏలు పెట్టేసినా" అన్నాడు.

 "పాప ఏదయ్యా?" అన్నాను.

"పాప వ్యాన్లో పోయింది మేడం, వాళ్ళమ్మతో. రొయ్యల షెడ్డుకి."

"మరి పాఠం?"

"ఫోన్ నా కాడుంటే పాప ఉండి ఏం చేస్తాది మేడం? హాజరు నేనేస్తా ఉండాగా. ఒక్క దినం గూడా మానలా. మొన్న గాలేసి వల కొట్టుకుపోయినా ఏలు మాత్రం మానలా మేడం!" అన్నాడు. దాపరికం ఏమీ లేదు ఆయన ముఖంలో. మెచ్చుకోవడానికే ఫోన్ చేశామనుకున్నాడు పాపం.

తెర మీద గడుల్లో ఎవరో మైకు ఆపడం మరిచిపోయి నవ్వేశారు. అధికారి గారు నవ్వలేదు. "సిగ్నల్ అందలేదని రాసుకోండమ్మా. తర్వాతి మండలం" అన్నారు.

నేను రాసుకున్నాను. అది రాసింది నా చెయ్యే. 'సిగ్నల్ అందలేదు' అని గుండ్రటి అక్షరాలతో, పిల్లలకు దస్తూరి నేర్పించినట్టు రాశాను. సమావేశం అయ్యేదాకా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అయ్యాక వరండాలో ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. అటెండరు టీ తెచ్చాడు, ఈసారి వేడి చేయమని చెప్పడానికి కూడా మొహం చెల్లలేదు.

మర్నాడు హెడ్మాస్టరు స్కూటరు మీద కుప్పానికి బయల్దేరాం. నాకు పాస్ ఉంది కాబట్టి దారిలో ఎవరూ ఆపలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. 'నేను ముందే చెప్పాను కదా మేడం' అంటాడేమో అని దారంతా ఎదురుచూశాను. అని ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని.

ఆ రోజు గాలి లేచి మధ్యాహ్నానికే పడవలు ఒడ్డుకొచ్చాయి. మగవాళ్ళు వలల పాక కింద చేరి చిక్కులు తీస్తున్నారు. మాస్కులు మెడలోకి దిగి ఉన్నాయి, నన్ను చూసి పైకి లాక్కున్నారు. అక్కడ కూర్చుని అడిగితే పది నిమిషాల్లో అంతా తెలిసింది. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. ఒక్కటే ఉంది. అది తెల్లారగానే పాలిథిన్ కవరులో చుట్టుకుని మనిషితో పాటు సరస్సు మీదికి పోతుంది, పొద్దుగూకాక చార్జి అయిపోయి ఇల్లు చేరుతుంది. గాలి మారితే కబురు అందేది దాంట్లోనే, సరుకు కొనే మనిషి పిలిచేది దాంట్లోనే, అది వెంట ఉందంటేనే ఇంట్లో ఆడవాళ్ళకు ధైర్యం. టీవీలు నాలుగిళ్ళలో ఉంటే కేబులు వైరు గాలివానకు తెగి ఎన్నాళ్ళో అయింది. ఇంట్లో ఫోన్ ఉందా అని అడిగాం. పాఠం వచ్చే వేళకు ఆ ఫోన్ ఎక్కడుంటుందని ఒక్కరం అడగలేదు. నా మాట రికార్డు విన్నాక, బియ్యం ఆగిపోతాయని బెదిరి, పడవల మీదినుంచే అందరూ వేళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. ఎవరన్నా వల లాగుతూ మరిచిపోతే పక్క పడవవాళ్ళు "ఒరేయ్, ఏలు!" అని కేకేసి గుర్తుచేసేవాళ్ళట.

నవ్వొచ్చింది. నవ్వలేకపోయాను. అప్పుడే తెలిసిందేమిటంటే, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు రొయ్యల షెడ్డుకు పోతున్నారు. రొయ్యల తలలు తీసి ఐసులో పెట్టే పని. మిగతా పిల్లలు చిన్నవాళ్ళు, ఊళ్ళోనే ఆడుకుంటున్నారు, బడి తెరిస్తే వస్తారు. ఈ ముగ్గురి సంగతి అట్లా కాదు. అటు అలవాటు పడిన పిల్ల మళ్ళీ బల్ల మీద కూర్చోవడం ఎంత కష్టమో ఇన్నేళ్ళ సర్వీసులో చాలాసార్లు చూశాను. బడికి దూరమైన పిల్లలకు వేరే జాబితా ఉంది. ఆ జాబితాలో ఉంటే టీచరు వారం వారం ఇంటికి పోయి అభ్యాస పత్రాలు ఇవ్వాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి, వెనక్కి తెచ్చేదాకా వదలకూడదు. కుప్పం నుంచి ఆ జాబితాలో ఒక్క పేరూ లేదు. ఉండదు కదా, అందరూ నూటికి నూరు హాజరు! నా నూరే ఆ ముగ్గురినీ దాచేసింది.

సాయంత్రం వ్యాన్ వచ్చేదాకా ఉన్నాం. ఆ పిల్ల దిగింది. ఏడాదిలో పొడుగైంది. నన్ను చూసి నవ్వింది గాని, చేతులు వెనక్కి పెట్టుకుంది. హెడ్మాస్టరు తన ఫోన్ ఇచ్చి, "చూడమ్మా, నువ్వు చూడని పాఠాలన్నీ ఇందులో ఉండాయి, నొక్కు" అన్నాడు. ఆ పిల్ల నొక్కింది. తెర కదల్లేదు. పావడాకు వేలు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. కదల్లేదు. పొద్దున్నుంచీ ఐసు నీళ్ళలో నానిన వేళ్ళు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి, కొనల్లో రొయ్య ముళ్ళు గుచ్చుకున్న గాట్లు.

"నా ఏలు దీనికి తెలీదు మేడం" అంది ఆ పిల్ల, తప్పు తనదే అన్నట్టు.

నాకు ఏడుపొచ్చింది. అందరి ముందు ఏడిస్తే బాగుండదని వాళ్ళమ్మ మీద కోప్పడ్డాను. అది నా గుణం. "ఏమ్మా, చదువుకునే పిల్లను ఐసులో పెడతావా?" అన్నాను.

ఆమె నాకంటే గట్టిగా అంది. "బడి తెరవండి మేడం, రేపే పంపిస్తా. మీరు మూసేసి పోయిరి. ఆయన నీళ్ళ మీదికి, నేను షెడ్డుకి. ఇంత పిల్లని ఒక్కదాన్నీ ఇంట్లో ఇడిసిపెట్టి యాడ మనసు నిలబడాది నాకు? బడుంటే బళ్ళో ఉండేది. బడి లేదు, నా కొంగు పట్టుకుని వస్తా ఉండాది. ఫోన్ బడి కాపలా కాస్తాదా మేడం?"

 ఇన్నేళ్ళ ఉద్యోగంలో బడి అంటే పాఠం అనే అనుకున్నాను. ఆ తల్లికి బడి అంటే పగలంతా పిల్ల భద్రంగా ఉండే చోటు.

మళ్ళీ వలల పాక దగ్గరికి పోయి, రోజూ రెండు ఫోన్లన్నా ఒడ్డున వదిలిపొమ్మని అడిగాను. గొడవైపోయింది. నాది ఎందుకు వదలాలంటే నాది ఎందుకు వదలాలన్నారు. నేను బతిమాలాను, కసురుకున్నాను, మళ్ళీ బతిమాలాను. అప్పటిదాకా మాట్లాడకుండా వల కుడుతున్న ఊరి పెద్దాయన తలెత్తాడు.

"మేడం, ఈ సరస్సులో రొయ్య పడే తావులు కొన్నే. పడవలు చానా. అందరం ఒక్క తావు మీద పడి కొట్టుకుంటామా? చీటీలేసుకుని వంతు పెట్టుకుంటాం. మా తాతల కాడినుంచీ అంతే. పాడు అంటాం మేము. వంతు కాని దినం ఎవుడూ ఆ తావులో వల దించడు. ఫోన్లకీ అట్టనే చీటీలేస్తే సరి. వంతొచ్చిన ఇద్దరూ ఫోన్ ఈడ ఇచ్చి, ఫోనున్న పడవ పక్కనే వేట చేసుకుంటారు."

అంతే. నేను ఆఫీసులో కూర్చుని రెండు నెలలు చేయలేని పని, ఆ పెద్దాయన వలలో ఒక కన్ను కుట్టేలోపల తేల్చేశాడు. చీటీలు అక్కడికక్కడే రాసింది మా హెడ్మాస్టరే. కొందరు చీటీ విప్పి చదవలేక ఆయన చేతికే ఇచ్చారు. నా సరస్సు బొమ్మ దిద్దిన పిల్ల తన తండ్రి చీటీ తనే విప్పి చదివింది. వాళ్ళ వంతు గురువారం.

కాని గురువారం ఆ ఫోన్ ఒడ్డున ఉంటే ఆ పిల్ల ఒడ్డున ఉండదు కదా. ముగ్గురినీ వెనక్కి తేవాలంటే దారి ఒక్కటే. హాజరు లెక్క తప్పని రాసి, వాళ్ళ పేర్లు బడికి దూరమైన పిల్లల జాబితాలో చేర్చాలి. ఆ మాట చెప్పగానే తండ్రి లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"పాప పేరు కొట్టెయ్యొద్దు మేడం. నీ కాళ్ళు మొక్కుతా. దినామూ ఏలు పెట్టినా గదా. ఒక్క దినం మానలా గదా."

"కొట్టెయ్యడం కాదు నాయనా, తేవడానికే" అన్నాను. ఆయనకు ఎక్కలేదు. ఎట్లా ఎక్కుతుంది? హాజరు ఉంటే అన్నీ ఉంటాయి, లేకపోతే అన్నీ ఆగిపోతాయని ఆయనకు చెప్పిన గొంతు నాదే. ఇప్పుడు అదే గొంతు హాజరు తీసేస్తాను, అది నీ మంచికే అంటోంది. బియ్యం ఆపుతానన్నది అబద్ధమని, ఆ అధికారం నాకెప్పుడూ లేదని, అందరూ వినేట్టు చెప్పాను.  ఆ తండ్రి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు అందులో. పెద్దమనిషి అబద్ధమాడుతుందా అన్న ఆశ్చర్యం ఉంది.

తిరిగి వస్తుంటే హెడ్మాస్టరు స్కూటరు పక్కకు ఆపి, వినబడీ వినబడనట్టు అన్నాడు. "మేడం, మీకింక రెండేళ్ళే ఉంది. ఇప్పుడీ ఉత్తరం రాస్తే... ముగ్గురి పేర్లు నేను ఊరికే చూసుకుంటాలే, కాగితం మీద పెట్టకుండా."

"మీరు చెప్పినప్పుడు నేను వినలేదు సార్. ఇప్పుడూ వినను" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ రోజు మొత్తంలో అది మొదటి నవ్వు.

ఉత్తరం రాశాను. 'సిగ్నల్ అందలేదు' అన్నది కొట్టేసి, జరిగింది జరిగినట్టు, నా మాట రికార్డు సంగతితో సహా రాశాను. ముప్పై ఒకటి కొట్టేసి, మొదటి వారం వచ్చిన మూడే వేశాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఇచ్చాను. మా మండలం పేరు జిల్లా పట్టికలో కిందికి జారింది. ఆ మెమో నా సర్వీసు ఫైల్లో ఉంది. నాకొచ్చిన కాగితాలన్నిట్లోకీ న్యాయమైన కాగితం అదే.

ఆ తర్వాత హెడ్మాస్టరు చేసిన పని చెప్పకపోతే పాపం. నేనిప్పించిన పాస్ పట్టుకుని వారం వారం తెల్లారకముందే బయల్దేరి, షెడ్డు వ్యాన్ ఆగే చోట అభ్యాస పత్రాలు పట్టుకుని నిలబడేవాడు. ముగ్గురికీ కిటికీలోంచి ఇచ్చేవాడు, పోయిన వారం పత్రాలు కిటికీలోంచే తీసుకునేవాడు. అవి తడిసి, నీచు వాసన కొడుతూ ఉండేవి. ఒక పిల్ల పత్రాలు రెండు వారాలకు ఆగిపోయాయి. ఇంకో పిల్లవి నెలకు ఆగాయి. ఒక్కదానివి మాత్రం ఆగలేదు.

చాలా నెలలకు బళ్ళు తెరిచారు. మొదటిరోజు నేను వేరే బడి ప్రారంభానికి పోవాలి. పోలేదు. కుప్పం బడి గేటు దగ్గర పొద్దున్నే వచ్చి నిలబడ్డాను. కూర్చోమని కుర్చీ వేశారు, కూర్చోలేకపోయాను. పిల్లలొచ్చారు, దూరం దూరంగా కూర్చున్నారు. ఎనిమిదో తరగతి రిజిస్టరు తీసి హెడ్మాస్టరు పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల పేరు చదివాడు.

పలుకు లేదు.

ఆయన నా వైపు చూడలేదు. మళ్ళీ చదివాడు.

"హాజర్ సార్!" అని గుమ్మం దగ్గరినుంచి మగ గొంతు. చూస్తే ఆ తండ్రి, తలకు అదే తువ్వాలు, పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. అలవాటు కొద్దీ బొటనవేలు పైకెత్తి ఉంది. పిల్లలందరూ ఘొల్లుమన్నారు. "నువ్వు కాదయ్యా, దింపు ఆ వేలు!" అన్నాను నేను. ఆయన నాలుక్కరుచుకుని పక్కకు జరిగాడు. వెనకాల సంచి తగిలించుకుని ఆ పిల్ల ఉంది.

"హాజర్ సార్" అంది. మెల్లగా అంది.

"వినబడలా, మళ్ళీ చెప్పు" అన్నాను. చెప్పింది. ఇంకోసారి చెప్పించాను. నాకు చెవుడొచ్చిందనుకుని ఉంటారు అక్కడి పిల్లలు.

హెడ్మాస్టరు మిగతా ఇద్దరు ఆడపిల్లల పేర్లు కూడా చదివాడు. ఒక్కో పేరూ రెండేసి సార్లు చదివి, ఆగి, గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. వాళ్ళిద్దరి ఇళ్ళకూ నేను రిటైరయ్యేదాకా తిరిగాను, రాలేదు. రెండు నెలలు వాళ్ళ పేర్ల పక్కన ఒక్క రోజు కూడా తప్పకుండా హాజరు వేసింది నేనే.